సెన్సారు కూస్తుంది, రివర్స్ లైటు వెలగదు

కారు రివర్స్ గేరు వేయగానే పార్కింగ్ సెన్సారు ఠంచనుగా కూస్తోంది. లైట్లు మాత్రం వెలగట్లేదు, రెండు వైపులా. ఒకవైపుదే పోతే బల్బు మాడిందనుకోవచ్చు. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోవు. పైగా ఇది రాత్రికి రాత్రి వచ్చిన రోగం కాదు. వానలు మొదలైన దగ్గర్నుంచి అప్పుడప్పుడు మొరాయించేవి. డిక్కీ తలుపు గట్టిగా వేస్తే ఒక్కోసారి మళ్ళీ వెలిగేవి. ఆ తర్వాత తలుపు ఎంత దడేలుమనిపించినా లాభం లేకపోయింది.

బండి 2010లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. సొంత కారుకి ఆర్‌సీ 15 ఏళ్ళే చెల్లుతుంది. ఆ పైన బండిని తీసుకెళ్ళి చూపించి, కండిషన్ బాగుందనిపించుకుంటే ఇంకో 5 ఏళ్ళు పొడిగిస్తారు. ఆ గడువు దగ్గర పడింది కాబట్టి లైట్లు, హారన్, వైపర్లు వరసపెట్టి చూసుకుంటూ వస్తున్నాను. మిగతావన్నీ మాట విన్నాయి. పంతం పట్టింది ఈ రివర్స్ లైట్లే.

సెన్సారు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకి రివర్స్ పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు, అవి కంపెనీ నుంచే వస్తాయి. మా బండి అంతకు చాలా ముందుది. కాబట్టి మా బంపర్‌లో ఉన్న నాలుగు కళ్ళూ, లోపల వినపడే కూతా బయట షాపులో పెట్టించినవి. ఎవరో ఒకాయన డిక్కీలో కూర్చుని అరగంటలో బిగించేసి వెళ్ళిపోయాడు.

సలహాలకి కొదవ లేదు. స్పేర్ పార్టుల షాపులో కుర్రాడు బల్బులు మార్చెయ్యమన్నాడు. సర్వీసింగ్ షెడ్డులో మేస్త్రీ బండి వంక చూడకుండానే, "గేర్ బాక్స్ మీద స్విచ్ పోయుంటదండి. రెండూ ఒకేసారి పోయాయంటే అదే" అని తేల్చేశాడు. బ్యాటరీ ట్రే విప్పాలి, కొత్త స్విచ్ వెయ్యాలి, కూలితో కలిపి రెండు వేల దాకా అవుతుందన్నాడు. యాక్సెసరీల షాపులో ఇంకో దారి చూపించారు: ఎల్ఈడీ బల్బులు వేసుకోండి, తెల్లగా కొడతాయి, కరెంటు కూడా తక్కువ లాగుతాయి అని. మూడింట్లో ఏదీ తీసిపారేసే మాట కాదు. కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా వైరు ముట్టుకోలేదు.

ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకోడానికి కొన్న చిన్న డిజిటల్ మల్టీమీటర్ ఇంట్లో ఉంది. ఆదివారం నాకు వేరే పనీ లేదు.

కారులో ఉన్న వైరింగ్ మొత్తంలో రివర్స్ లైట్ల సర్క్యూట్ తేలికైన వాటిల్లో ఒకటి. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ కీకి, అక్కణ్ణుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి గేర్ బాక్స్ మీదున్న రివర్స్ స్విచ్‌కి కరెంటు వెళ్తుంది. రివర్స్ గేరు వేస్తే గేర్ బాక్స్ లోపలి భాగం జరిగి స్విచ్ బుడిపెను నొక్కుతుంది, లోపల రెండు కాంటాక్టులూ కలుస్తాయి. స్విచ్ దాటిన వైరు డాష్‌బోర్డు కిందుగా, తలుపు గుమ్మం పక్కన కార్పెట్ అడుగు నుంచి వెనక్కొచ్చి, డిక్కీ మూలలో రెండుగా చీలి చెరో బల్బుకి వెళ్తుంది. బల్బు నుంచి బయటికొచ్చిన వైరుని బాడీకి బోల్టేసి బిగిస్తారు. అదే ఎర్త్. బాడీ రేకు మీదుగా కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరుతుంది. ఇంజన్ నడుస్తూ ఉండక్కర్లేదు. కీ ఆన్‌లో ఉండి రివర్స్ గేరు పడితే చాలు.

అలా చూసేటప్పుడు ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, కీ దగ్గర కూర్చున్నవాళ్ళకి సెల్ఫ్ కొట్టొద్దని గట్టిగా చెప్పాలి. గేర్లో ఉండగా క్లచ్ నొక్కకుండా సెల్ఫ్ కొడితే బండి వెనక్కి గెంతుతుంది. వెనకాల వైర్లు పట్టుకుని కూర్చునేది మనమే. ఇంటర్ చదివే మా అమ్మాయి డ్రైవర్ సీట్లో కూర్చుని ఫోను చూసుకోడానికి ఒప్పుకుంది.

మొదట బల్బులు. డిక్కీ లోపల చిన్న మూత తీస్తే హోల్డర్ చేతికందుతుంది, కొంచెం తిప్పి లాగితే ఊడొస్తుంది. 12 వోల్టులు, 21 వాట్లు, ఒంటి ఫిలమెంట్ బల్బు, అడుగున ఒకటే సీసపు చుక్క. దాని పక్కనుండే బ్రేకు లైటు బల్బుకి రెండు ఫిలమెంట్లు, అడుగున రెండు చుక్కలు, పక్కనుండే బుడిపెలు కూడా ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి. షాపులో ఇదడిగితే అదిస్తారు, చూసి తెచ్చుకోవాలి. మావి రెండూ శుభ్రంగా ఉన్నాయి. గాజు నల్లబడలేదు, ఫిలమెంట్ తెగలేదు. వైరు ముక్కలతో నేరుగా బ్యాటరీకి తగిలిస్తే కళ్ళు చెదిరేలా వెలిగాయి. వాటి మీద ఇక అనుమానం లేదు.

ఫ్యూజు 10 ఆంపియర్ల ఎర్రది. ఊడదీసి వెలుతురులో చూస్తే లోపలి తీగ నిక్షేపంగా ఉంది. నిజానికి చూడక్కర్లేదు కూడా. సెన్సారు పెట్టె తనకి కావలసిన ప్లస్ రివర్స్ లైటు వైరు నుంచే తీసుకుంటుంది, అది కూస్తోందంటేనే ఫ్యూజు బతికున్నట్టు.

ఆ లెక్కన స్విచ్ కూడా బాగున్నట్టే కదా అనిపిస్తుంది. అలా తేల్చెయ్యడానికి వీల్లేదు. సెన్సారు లాగే కరెంటు బహు కొంచెం. కాంటాక్టులు మాడిపోయి అంతంతమాత్రంగా తగులుతున్న స్విచ్ అయినా సెన్సారుని కూయించగలదు, బల్బులని వెలిగించలేకపోవచ్చు. కాబట్టి షెడ్డు మేస్త్రీ మాటకి ఆస్కారం ఇంకా మిగిలే ఉంది. దాన్ని తేల్చే ఉపాయం సులువైనది. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ గొట్టం పక్కకి జరిపితే గేర్ బాక్స్ పైన రెండు పిన్నుల కనెక్టర్ కనపడింది. బ్యాటరీ ట్రే జోలికి పోకుండానే వేళ్ళు దూరాయి. కనెక్టర్ ఊడబీకి, వైరింగ్ వైపున్న రెండు రంధ్రాలనీ ఒక లావుపాటి వైరు ముక్కతో కలిపాను. అలా కలిపితే స్విచ్‌ని అసలు లెక్కలోంచే తీసేసినట్టు. స్విచ్‌దే తప్పయితే గేరు న్యూట్రల్‌లో ఉన్నా లైట్లు వెలిగి తీరాలి.

"నాన్నా, ఇది అరుస్తోంది. ఆపెయ్యనా?"

సెన్సారు కూసింది. లైట్లు వెలగలేదు. రెండు వేల రూపాయల స్విచ్ బతికిపోయింది.

ఇక మిగిలింది ముందు నుంచి వెనక్కొచ్చే వైరు, ఎర్త్, హోల్డర్లు. ఎడమవైపు హోల్డర్లో బల్బు తీసేసి, రివర్స్ గేరు వేయించి, మీటరు ఎర్ర ప్రోబు (వైరు కొసనుండే మొన) బల్బు అడుగు చుక్కకి తగిలే మధ్య నాలుక మీద, నల్లది హోల్డర్ ఎర్త్ రేకు మీద పెట్టాను. 12.2 వోల్టులు. కుడివైపు కూడా అంతే. మీటరుని బీప్ మీద (దారి తెగకుండా ఉంటే మోగే సెట్టింగు) పెట్టి ఎర్త్ రేకు నుంచి బాడీ బోల్టుకి చూస్తే టక్కున మోగింది. హోల్డర్ నాలుకని గరుకు కాగితంతో రుద్ది, కొంచెం పైకి లేపి, బల్బు పెట్టి తిప్పాను. చీకటే. సప్లై ఉంది, ఎర్త్ ఉంది, బల్బు ఉంది, వెలుగొక్కటే లేదు. ఇలాంటప్పుడే జనం కారు కంప్యూటర్ పాడైందంటారు. 2010 నాటి ఈ బండిలో రివర్స్ లైట్లకి కంప్యూటర్‌తో సంబంధమే లేదు.

మా కాకినాడలో మా వీధి చివర ఆటో ఎలక్ట్రికల్ పనిచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పి గోనెపట్టా మీద పరుచుకుని కూర్చుంటాడు. వీధి మొత్తానికీ బాబాయే. ఆయన దగ్గర మీటరు లేదు. ఉన్నదల్లా ఒక పాత హోల్డర్, అందులో 21 వాట్ల బల్బు, దానికి రెండు పొడుగాటి వైర్లు. ఒకదాని కొసకి క్లిప్పు, రెండోదాని కొసకి గోనెసంచులు కుట్టే దబ్బనం.

"బాబాయ్, 12 వోల్టులు వస్తోంది. లైటు వెలగట్లేదు."

"ఏం పెట్టి చూశారండి?"

"మీటరు."

"మీటరు కరెంటు తాగదు కదండీ. బల్బు తాగుద్ది. తాగేదాన్ని తగిలించి, అప్పుడు చూడండి మీ వోల్టులు." అని తన టెస్ట్ బల్బు నా చేతిలో పెట్టాడు. "సాయంత్రానికి తెచ్చిచ్చెయ్యండే. ఆయ్."

ఆ ఒక్క మాటలో ఉన్న లెక్క ఇది. 21 వాట్ల బల్బులు రెండు అంటే 42 వాట్లు, 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓములు. అంటే వోల్టులు చూసేటప్పుడు అది లాగేది ఒక మైక్రో ఆంపియరుకి కాస్త ఎక్కువ, అంతే. బల్బులు లాగేదానికీ దీనికీ మధ్య తేడా దాదాపు 29 లక్షల రెట్లు. దారిలో ఎక్కడో ఒక అతుకు చెడి, 20 ఓములు అడ్డం పడిందనుకుందాం. మీటరు లాగే ఆ కాస్త కరెంటుకి అక్కడ పోయేది వోల్టులో లక్షో వంతులు, మీటరు అద్దం మీద కనపడనే కనపడదు. 12.2 అనే చూపిస్తుంది. అబద్ధమేం కాదు, ఎవరూ కరెంటు లాగనప్పుడు అక్కడున్నది 12.2 వోల్టులే. బల్బు పెట్టిన మరుక్షణం ఆ 20 ఓములే వోల్టులన్నీ మింగేస్తాయి. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం ఒక ఓముకి అటూ ఇటూ ఉంటుంది, దాని వాటాకి మిగిలేది చిల్లర.

బీప్‌ది ఇంకో తంతు. చాలా మీటర్లలో 30, 50 ఓముల లోపు ఏది తగిలినా మోగుతుంది. 20 ఓముల పాడు అతుకు కూడా దాని లెక్కలో పాసే. తెగిపోయిన వైరుని పట్టుకోడానికి బీప్ పనికొస్తుంది. సగం చచ్చిన వైరుని పట్టుకోలేదు.

కాబట్టి మళ్ళీ మొదటి నుంచి, ఈసారి బల్బులు రెండూ హోల్డర్లలోనే ఉంచి, కీ ఆన్, రివర్స్ గేరు. హోల్డర్ వెనక కనెక్టర్‌లో వైరు దూరే సందులోంచి గుండుసూది మెల్లగా లోపలికి జారిస్తే లోహానికి తగులుతుంది, దాని తల మీద ప్రోబు ఆనించొచ్చు. వైరు ప్లాస్టిక్‌లో సూది గుచ్చి చూసేవాళ్ళున్నారు. ఆ చిల్లులోంచే తర్వాత తేమ దూరుతుంది, నేను చెయ్యను.

ముందు ఎర్త్ వైపు. నల్ల ప్రోబుని బ్యాటరీ మైనస్ దాకా ఒక పొడుగు వైరుతో లాక్కెళ్ళి, ఎర్రది హోల్డర్ ఎర్త్ మీద పెడితే 0.01. ఎర్త్ దారిలో ఏమీ పోవట్లేదు. బోల్టు విప్పి రుద్దే పని తప్పింది. తర్వాత ప్లస్ వైపు. బల్బు లేనప్పుడు 12.2 చూపించిన అదే నాలుక మీద ఇప్పుడు 0.4. మిగతా వోల్టులు ముందెక్కడో ఆగిపోతున్నాయి. స్విచ్‌కి, హోల్డర్‌కి మధ్య ఉన్నది ఆ వైరు ఒక్కటే.

బోల్టుల్ని రుద్దడం, హోల్డర్లు మార్చడం లాంటి పనులన్నీ ఈ రెండు అంకెలతో పక్కకి పోయాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. వోల్టులు ఎక్కడ పోతున్నాయో లెక్క కట్టుకుంటూ పోతే పాడైన చోటు దానంతటదే ఇరుకున పడుతుంది, పార్టులు కొని మార్చి చూడక్కర్లేదు.

ఎక్కడ వెతకాలో ఊహించడం కష్టం కాదు. కంపెనీ వైరు గుమ్మం పక్కన ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా వస్తుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని కోసి కెలికిన చోటు ఒక్కటే, సెన్సారు పెట్టె దగ్గర. డిక్కీ ఎడమవైపు లోపలి అట్టని పట్టుకుని ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటే పైకి లేపాను. పాతబడిన క్లిప్పులు పుటుక్కుమంటాయి, కొత్తవి నాలుగు దగ్గర పెట్టుకునే మొదలెట్టడం మేలు. అట్ట వెనక రేకుకి డబల్ సైడ్ టేపుతో అతికించిన నల్ల పెట్టె, దాన్నించి వేలాడుతున్న వైర్ల చుట్ట, ఆ చుట్టకి అట్టడుగున బొటనవేలంత లావున నల్ల టేపు ఉండ.

ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వెచ్చగా కూడా కాదు, కాస్సేపు పట్టుకుంటే చురుక్కుమంది. చుట్టూ ఉన్న వైర్లన్నీ చల్లగా ఉంటే అదొక్కటే కాగుతోంది. ఇక మీటరు అవసరం లేదు గానీ, చేతిలో ఉంది కదా అని గుండుసూదులు రెండు టేపు ఉండకి అటూ ఇటూ జారించి చూశాను. ముందు వైపు ఎర్త్‌కి 12.2. ఉండకి ఈ చివర నుంచి ఆ చివరకి 11.8. అంగుళం పొడుగున్న అతుకులో 11.8 వోల్టులు మాయమవుతున్నాయి. 0.4 బల్బులకి దక్కుతోంది. కూడితే సరిగ్గా సరిపోయింది.

కీ ఆపి టేపు విప్పాను. విప్పాను అనడం కంటే ఒలిచాను అనాలి. ఎండకి జిగురంతా కరిగి నల్లటి బంకలా వేళ్ళకి అంటుకుంది, కింద పొరలు బెల్లప్పాకంలా సాగాయి. లోపల కంపెనీ వైరుని నిలువునా తెంపేసి, ముందు నుంచి వచ్చే కొసనీ సెన్సారు ఎర్ర వైరు కొసనీ కలిపి బిగించి మెలేశారు. ఆ మెలిక మీద, బల్బులకి వెళ్ళే కొసని ఊరికే ఒక చుట్టు చుట్టి వదిలేశారు. టంకం లేదు, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ స్లీవు లేదు, ఉత్త టేపు. లోపలి మెలిక ఇంకా ఎర్రగానే ఉంది. అందుకే సెన్సారు కూస్తోంది. పైచుట్టు మాత్రం పచ్చటి చిలుం పట్టి పిండి పిండిగా ఉంది. గోరుతో గీకితే రాగిపోగులు పొడై రాలాయి. మిగిలిన రెండు మూడు పోగులు కూడా నల్లగా మాడి, ఊదితే ఎగిరేలా ఉన్నాయి. బల్బులు రెండూ ఈ అతుకు దాటాకే చీలుతాయి కాబట్టి రెండూ ఒకేసారి పోయాయి. డిక్కీ తలుపు దడేలుమన్నప్పుడు ఆ చుట్టు కొంచెం కదిలి తగులుకునేది కాబట్టి మొదట్లో వెలిగేవి.

చిలుం అన్నాక నీళ్ళుండాలి. అట్ట వెనక రేకు మీద తెల్లటి చారలు కిందికి దిగి ఉన్నాయి, నీళ్ళు కారి ఆరిన గుర్తులు. అమ్మాయిని డిక్కీలో కూర్చోబెట్టి, ఫోన్ టార్చి వేయించి, బయట ఎడమ లైటు డూమ్ (లైటు ప్లాస్టిక్ డబ్బా) మీద మగ్గుతో నీళ్ళు పోశాను. మొదటి మగ్గుకి ఏం లేదు. బాగా తడిశాక డూమ్ కింది బోల్టు పక్క నుంచి ఒక్కో చుక్క లోపలికి వచ్చి, వైర్ల చుట్ట మీదుగా జారి, అన్నిటికంటే కిందకి వేలాడుతున్న చోట ఆగింది. అక్కడే టేపు ఉండ ఉండేది. డూమ్ విప్పి చూస్తే, నీళ్ళు రాకుండా వెనక పెట్టిన స్పాంజి గ్యాస్కెట్ అణిగిపోయి, కాగితంలా పల్చబడి, ఒక మూల విరిగిపోయింది. పదిహేనేళ్ళ స్పాంజి కదా, దాన్ననడానికేముంది. దానికి తోడు మాది సముద్రం ఊరు. ఉప్పాడ రోడ్డు మీద అల ఎగిసినప్పుడు అద్దాల మీద పడే తుంపర ఆరాక నాలిక మీద పెట్టుకుంటే ఉప్పుప్పగా ఉంటుంది, అదే ఈ సందుల్లోకీ వెళ్తుంది. టేపు నీళ్ళని రానివ్వకుండా ఆపలేదు. వచ్చిన నీళ్ళని మాత్రం ఆరనివ్వదు.

బాబాయ్ టెస్ట్ బల్బు పని ఇప్పుడు పడింది. ముందు నుంచి వచ్చే కొసకి దబ్బనం ఆనించి, క్లిప్పు బాడీకి పెట్టి, రివర్స్ వేయిస్తే నిండుగా వెలిగింది. అంటే ఇక్కడి దాకా ఫ్యూజు, స్విచ్, పొడుగాటి వైరు అన్నీ 21 వాట్ల బరువు మోస్తున్నాయి. మీటరులో 12.2 చూడటం కంటే ఈ పసుపుపచ్చ వెలుగు నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

బాగుచెయ్యడంలో విసిగించింది ఒక్కటే, మంచి రాగి దొరకడం. చిలుం పైపైన ఆగదు, ప్లాస్టిక్ తొడుగు లోపల పోగుల వెంట పాకుతూ పోతుంది. బల్బుల వైపు కొసని కొంచెం కోసి ఒలిస్తే లోపల నల్లగా ఉంది. ఇంకొంచెం కోస్తే ఇంకా నలుపే. జానెడు పోయాక గానీ మెరిసే రాగి కనపడలేదు. నల్లబడిన రాగి టంకాన్ని పట్టుకోదు, ఎంత కాల్చినా బొట్లు బొట్లుగా జారిపోతుంది. కాబట్టి పొదుపుకి పోకుండా కోసెయ్యడమే మంచిది. పోయిన జానెడుకి బదులు 1 చదరపు మిల్లీమీటరు ఆటో వైరు ముక్క వేశాను. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ వైరు వాడకూడదు, కారు కుదుపులకి అది తెగుతుంది.

టంకమా, క్రింపింగా (లోహపు తొడుగులో కొసలు పెట్టి గట్టిగా నొక్కడమా) అన్న దాని మీద మెకానిక్కుల్లో ఎప్పుడూ గొడవే. కార్ల కంపెనీలు ఎక్కువగా క్రింపే చేస్తాయి. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి, ఆ బిరుసు ఆగే అంచు దగ్గర కుదుపులకి విరిగే ప్రమాదముంది. ఆ మాట నిజమే. కానీ సరైన పట్టకారు లేకుండా కటింగ్ ప్లేయరుతో నొక్కిన క్రింప్ అంతకంటే అన్యాయం. నా దగ్గర ఆ పట్టకారు లేదు, సోల్డరింగ్ ఐరన్ ఉంది. పోగులని ఒకదాన్లో ఒకటి దూర్చి మెలేసి, టంకం పోసి, లోపల జిగురుండే స్లీవు తొడిగి లైటరు మంట దూరం నుంచి చూపించాను. స్లీవు ముడుచుకుని రెండు చివర్లా జిగురు పూసలా బయటికొచ్చింది. అది కనపడితే నీళ్ళకి దారి మూసుకున్నట్టు. అతుకుకి అటూ ఇటూ వైరుని పక్క చుట్టకి ట్యాగులతో కట్టేశాను, ఊగడానికి వీల్లేకుండా. సెన్సారు వైరుకి వేరే అతుకు, రెండు వేళ్ళ ఎడంగా. మొత్తం చుట్టని పైకి లాగి డిక్కీ పై అంచు దగ్గర కట్టాను. ఇప్పుడు నీళ్ళు జారినా కిందున్న వంపు దగ్గర బొట్లుగా రాలిపోతాయి, అతుకు దాకా ఎక్కవు.

గ్యాస్కెట్ విడిగా ఇవ్వరట, డూమ్‌తో కలిపి కొనమన్నారు. తలుపు సందులకి అతికించే నల్ల రబ్బరు బీడింగు తెచ్చి, పాత స్పాంజిని చాకుతో గీకి, స్పిరిటుతో తుడిచి, చుట్టూ అతికించాను. మళ్ళీ మగ్గుతో నీళ్ళు పోస్తే లోపల చుక్క లేదు. కుడివైపు డూమ్‌కి కూడా అదే చేశాను. అటు ఇంకా కారడం మొదలవలేదు గానీ దాని స్పాంజి కూడా అదే వయసుది.

అంతా బిగించాక ఇంజన్ ఆపి ఉండగా, బల్బులు వెలుగుతుండగా హోల్డర్ దగ్గర 11.6. బ్యాటరీ దగ్గర అప్పుడు 12.3. మిగతా 0.7 కీ, ఫ్యూజు, స్విచ్, ఆ పొడుగు వైరు పంచుకున్నాయి, ఈ వయసు బండికి నేను పట్టించుకోను. కొత్త అతుకుకి అటూ ఇటూ 0.01. ఇంజన్ స్టార్ట్ చేస్తే హోల్డర్ దగ్గర 13.1. వెనక గోడ మీద వెలుతురు పడగానే మా ఆవిడ బాల్కనీ లోంచి "అయిందా? ఇక ఆ పీపీ ఆపండి, పక్కింటివాళ్ళు చూస్తున్నారు" అంది.

ఎల్ఈడీ వేసుంటే ఏమయ్యేదని తర్వాత లెక్క వేసి చూశాను. ఎల్ఈడీ బల్బు ఒకటి లాగేది పావు ఆంపియరు అటూ ఇటూ ఉంటుంది. ఆ పాడు అతుకులో కొన్ని వోల్టులు పోయినా అవి ఎంతో కొంత వెలిగేవి. షాపాయన మాట నెగ్గేది, నేను డబ్బులిచ్చి ఇంటికొచ్చేవాణ్ణి. లోపల అతుకు కాగుతూనే ఉండేది, నీళ్ళు కారుతూనే ఉండేవి. ఎల్ఈడీల మీద నాకు కోపం లేదు. సర్క్యూట్ బాగుచేశాక ఇష్టమైతే వేసుకోవచ్చు. రోగం తెలియకముందు వేస్తే అవి లక్షణాన్ని మాత్రమే కప్పేస్తాయి. ఇదే కారణంతో, వెనక ఎల్ఈడీ లైట్లున్న కొత్త బండ్లలో కూడా ఇలాంటి అతుకులు చాలాకాలం బయటపడవని నా అనుమానం.

టెస్ట్ బల్బు తిరిగిచ్చేటప్పుడు చిలుం పట్టిన ముక్కని బాబాయ్‌కి చూపించాను. వేళ్ళ మధ్య నలిపి ఊదేశాడు. "టేపేసినోడు టేపేసి పోతాడండి. వాన కురిసేది మీ బండి మీద కదండీ" అన్నాడు. కాసేపాగి, "ఆ చేత్తోనే పాటల డబ్బా కూడా పెట్టాడాండి?" అనడిగాడు.

పెట్టాడు. ఇంటికొచ్చి స్టీరియో ముందుకి లాగి చూశాను. వెనక అదే నల్ల టేపు, అదే బంక. అక్కడికి నీళ్ళు రావు కాబట్టి చిలుం ఇంకా లేదు. స్లీవులు ఇంకో మీటరు తెచ్చిపెట్టాను, వచ్చే ఆదివారం దాని పని పట్టాలి.